వెల్లూరు సీఎంసీ రిహాబ్ సెంటర్: వెన్నుకు దెబ్బ తగిలినవాళ్ళ కుటుంబాల కోసం నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, నా రేటింగ్ ఐదుకు ఐదు. సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, మెయిన్ ఆసుపత్రి గురించి చెప్పేవాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, చిత్తూరు, కడప, నెల్లూరు వైపు అయితే తాతల కాలం నుంచి రాయవెల్లూరు అంటే ఆసుపత్రే. కానీ ఊరికి కాస్త దూరంగా బాగాయంలో సీఎంసీకే చెందిన పునరావాస కేంద్రం ఒకటి ఉందని, వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయినవాళ్ళని అక్కడ ఉంచుకుని శిక్షణ ఇస్తారని చాలామందికి తెలియదు. మాకూ తెలిసినాయన ఒకరు చెబితేనే తెలిసింది. ఈ రివ్యూ దాని గురించే. నేను క్రైస్తవుణ్ణి, అందుకని ఇందులో ప్రార్థన గురించీ బాధ గురించీ కూడా రాస్తున్నాను, అవి పక్కన పెట్టి ఈ చోటు గురించి చెప్పడం నావల్ల కాదు.

మా బావమరిది సెంట్రింగ్ పనికి వెళ్ళి రెండో అంతస్తు నుంచి పడ్డాడు. చిన్న వయసు, పెళ్ళి సంబంధాలు చూస్తున్న సమయం. మన దగ్గరే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు, తర్వాత ఇంటికి తీసుకెళ్ళి ఫిజియో చేయించుకోమని పంపించేశారు. నడుము కింద స్పర్శ లేదు, మూత్రం వచ్చేది తెలియదు, దొడ్డికి వచ్చేది తెలియదు. మంచం మీద ఎంతసేపటికోసారి పక్కకి తిప్పాలి, యూరిన్ పైపు ఎప్పుడు మార్చాలి, జ్వరం వస్తే దేనికి భయపడాలి, ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకే పిరుదు దగ్గర పడక పుండు పడింది. మొదట చిన్న ఎర్రటి మచ్చ, మా అత్తగారు కొబ్బరినూనె రాశారు, తర్వాత చూస్తే లోపల ఎముక దాకా వెళ్ళింది. అతనికి నొప్పి తెలియదు కదా, అందుకే ఎవరికీ తెలియలేదు.

ఈలోగా ప్రార్థనలు. మా సంఘంలో ఉపవాస ప్రార్థన పెట్టారు, రాత్రంతా మేలుకుని ప్రార్థన చేసిన తల్లులు ఉన్నారు, వాళ్ళ ప్రేమని నేను జీవితంలో మరచిపోను. కానీ బయటి నుంచి ఒక బోధకుణ్ణి పిలిపించారు. ఆయన వచ్చి తలమీద నూనె రాసి, "నీకు విశ్వాసం ఉంటే ఇప్పుడే లేస్తావు" అని గట్టిగా అరిచి, ఇద్దరి చేత చంకల కింద పట్టుకుని లేపించి, చేతులు వదిలేయమన్నాడు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. కింద పడిన మనిషిని చూసి ఆయన అన్న మాట, "ఇంట్లో ఎవరో దాచిన పాపం ఉంది" అని. అప్పటి నుంచి మా బావమరిది బైబిలు తెరవలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. మా అత్తగారు తన పాపమేమో అని, మా ఆవిడ తన పాపమేమో అని, లోలోపల ఎవరికి వాళ్ళు కుమిలిపోయారు.

దేవుడు స్వస్థపరచగలడని నేను నమ్ముతాను, ఇవాళ కూడా నమ్ముతాను. కానీ బైబిల్లో అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు గురించి, అంటే తనని వదలని ఒక బాధ గురించి, "ముమ్మారు ప్రభువును వేడుకొంటిని" అని రాసుకున్నాడు, ఆయనకి వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ముల్లు పోలేదు. పౌలుకి విశ్వాసం తక్కువని ఆ బోధకుడు అంటాడా? బైబిల్లోనే ఆస్తీ పిల్లలూ ఆరోగ్యమూ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నోరెత్తకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచి పాపం వెతకడం మొదలుపెట్టాకే అంతా పాడుచేశారు. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ళ మీద. ఇది మన సంఘాల్లో ఎంతమంది రోగుల మంచాల దగ్గర చదవాల్సిన భాగమో!

సరే, బాగాయం సంగతి. మెయిన్ ఆసుపత్రిలో చూసి, పుండుకి వైద్యం చేసి, తర్వాత రిహాబ్‌కి పంపించారు. అక్కడ మొదటి రోజుల్లోనే మా బావమరిది అడిగేశాడు, "నేను నడుస్తానా డాక్టర్?" అని. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక సిస్టర్ పక్కనే ఉండి తెలుగులో చెప్పారు. డాక్టర్ గారు కుర్చీ లాక్కుని మంచానికి ఎదురుగా కూర్చుని, ఎక్స్‌రేలు, రిపోర్టులు చూపించి, దెబ్బ ఎక్కడ తగిలింది, దానికింద ఏమేమి పనిచేయవు, ఏవి పనిచేస్తాయి, ఒక్కొక్కటీ విడమరచి చెప్పారు. మునుపటిలా నడవడం కష్టమన్నారు. ఆ తర్వాత, "నీ చేతులు బాగున్నాయి, ఛాతీ బాగుంది, నువ్వు ఒంటరిగా మంచం దిగి, స్నానం చేసి, బయటికి వెళ్ళి, సంపాదించుకుని బతకొచ్చు, అది మేము నేర్పిస్తాం, కానీ పని చెయ్యాల్సింది నువ్వే" అన్నారు. అతను ఆ రాత్రంతా ఏడ్చాడు. మా అత్తగారు పక్కన కూర్చుని, "ఏడువు నాయనా, ఏడువు" అన్నారు, అంతే. పడిన రోజు నుంచి అందరూ అతనికి అబద్ధపు ధైర్యమే చెబుతూ వచ్చారు, నిజం విన్నది ఆ రోజే, అతను మళ్ళీ మనిషైంది ఆ రోజు నుంచే అని నేను అనుకుంటున్నాను.

అక్కడి పద్ధతి ఏమిటంటే, రోగిని మంచం మీద పడుకోబెట్టి వైద్యం చేయరు. పొద్దున్నే లేచి తయారవ్వాలి, టైము ప్రకారం జిమ్‌కి వెళ్ళాలి. చేతుల బలం పెంచడం, కూర్చున్నప్పుడు పడిపోకుండా నిలదొక్కుకోవడం, మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్ నుంచి కమోడ్ మీదకి, అక్కడి నుంచి నేలమీదకి, నేలమీద నుంచి మళ్ళీ పైకి. చూడటానికి చిన్న పని, నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. చాలాకాలం పడుకునే ఉన్నవాళ్ళని హఠాత్తుగా లేపితే కళ్ళు తిరుగుతాయి, అందుకని ఒక బల్లకి కట్టి కొంచెం కొంచెంగా ఏటవాలుగా నిలబెడతారు. కొందరికి కాలిపర్స్, అంటే కాళ్ళని నిటారుగా పట్టి ఉంచే కడ్డీల పట్టీలు, వేసి కడ్డీల మధ్య నిలబడటం, అడుగులు వేయడం నేర్పిస్తారు. మూత్రం కోసం ఎప్పుడూ పైపు పెట్టుకుని ఉండనవసరం లేదని, శుభ్రంగా చేతులు కడుక్కుని నాలుగైదు గంటలకోసారి తనంతట తానే సన్నటి పైపు వేసుకుని ఖాళీ చేసుకోవచ్చని మాకు అక్కడే తెలిసింది. ఎంత సిగ్గుపడ్డాడో మొదట్లో. నేర్పించిన అతను కూడా వీల్‌చైర్‌లోనే ఉన్నాడు, అక్కడే కోలుకున్న పాత పేషెంటు, సిగ్గేమీ లేకుండా తన సంగతంతా చెప్పి చూపించాడు. ఆ తర్వాత మా వాడికీ బెరుకు పోయింది.

ఇంట్లోవాళ్ళకి కూడా పాఠాలే. పక్కన ఉండే మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి, ఉన్నవాళ్ళు ఊరికే కూర్చుంటే కుదరదు. మా అత్తగారికి తెలుగు చదవడం వస్తుందంతే, తమిళం ఒక్క ముక్క రాదు, అయినా తిప్పడం, ఎత్తడం, పుండు కడగడం, అన్నీ నేర్చుకున్నారు. అన్నిటికంటే ముందు నేర్పింది అద్దం చూసుకోవడం. చేతిలో చిన్న అద్దం పట్టుకుని రోజూ పిరుదులు, మడమలు, నడుము కింద చర్మం అతనే చూసుకోవాలి, ఎర్రగా కనిపిస్తే ఆ రోజు ఆ వైపు బరువు పెట్టకూడదు. వీల్‌చైర్‌లో కూర్చున్నంతసేపూ కొద్ది నిమిషాలకోసారి చేతులమీద బరువు వేసి ఒళ్ళు పైకి లేపాలి. మనకి కూర్చున్నచోట నొప్పి పుడుతుంది కాబట్టి తెలియకుండానే జరుగుతాం, అతనికి ఆ కబురు అందదు, కాబట్టి కళ్ళతో తెలుసుకోవాలి.

వెల్లూరులో ఈ సంగతికి పెద్ద చరిత్రే ఉంది. 1946లో పాల్ బ్రాండ్ అనే డాక్టర్ ఇక్కడికి వచ్చారు. తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టినాయన. కుష్ఠురోగుల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అందరూ అనుకునే రోజుల్లో, అది నిజం కాదని, స్పర్శ పోవడం వల్ల వాళ్ళు కాల్చుకున్నా కోసుకున్నా తెలియక, పుండు మీదే నడుస్తూ, పట్టుకుంటూ పోగొట్టుకుంటున్నారని ఆయన కనిపెట్టారు. ముడుచుకుపోయిన చేతులకి స్నాయువులు మార్చి మళ్ళీ తెరుచుకునేలా ఆపరేషన్లు చేశారు. అప్పట్లో ఆ చేతిని ముట్టుకునే డాక్టర్లే తక్కువ. నొప్పి అనేది దేవుడు శరీరానికి ఇచ్చిన వరమని ఆయన జీవితాంతం చెబుతూ వచ్చారు. ఆ మాట ఇంట్లో కూర్చుని వింటే కోపం వస్తుంది. పుండు ఎముక దాకా వెళ్ళేవరకూ తెలియని మనిషి పక్కన ఉండి వింటే అర్థమవుతుంది.

సంఘాన్ని క్రీస్తు శరీరమని పౌలు ఊరికే అనలేదు. "ఒక అవయవము శ్రమపడునప్పుడు అవయవములన్నియు దానితోకూడ శ్రమపడును" అని కొరింథీయులకి రాశాడు. మన సంఘంలో ఒకడు మంచాన పడితే మొదటి నెల అందరం వెళ్తాం, మూడో నెలకి పాస్టరు గారు ఒక్కరే వెళ్తారు, సంవత్సరం తిరిగేసరికి ఆదివారం ప్రార్థనలో పేరు కూడా చదవరు. ఆ అవయవం దగ్గర మనకి స్పర్శ పోయిందన్నమాట. అక్కడ పుండు పడుతున్నా మనకి తెలియదు. వెల్లూరులో నాకు కనిపించిన నమ్మకమైన సేవ ఇదే, బాగయ్యేదాకా ఉండటం కాదు, బాగవ్వకపోయినా ఉండటం. పుండు కట్టు మార్చే సిస్టర్ నిన్న మార్చినట్టే ఇవాళా మారుస్తుంది, రేపూ మారుస్తుంది, ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎవరూ సాక్ష్యం చెప్పించరు.

ఈ కేంద్రానికి ఎవరి పేరు ఉందో ఆ మేరీ వర్గీస్ గారి గురించి తెలిస్తే అక్కడి గోడలు కూడా వేరేగా కనిపిస్తాయి. కేరళలో పుట్టి, వెల్లూరులోనే చదివి, స్త్రీల వైద్యంలో స్థిరపడాలనుకున్న డాక్టర్. 1954లో తోటివాళ్ళతో కలిసి వెళ్తుంటే బండి ప్రమాదానికి గురై నడుము కింద రెండు కాళ్ళూ పడిపోయాయి, ముఖం కూడా బాగా దెబ్బతింది. ఇక డాక్టరుగా తన పని అయిపోయిందనే అనుకున్నారు. కూర్చుని చేయగలిగే ఆపరేషన్లు చేతికి సంబంధించినవే అని, కుష్ఠురోగుల చేతుల శస్త్రచికిత్స నేర్చుకోమని ప్రోత్సహించింది పాల్ బ్రాండే. ఆవిడ వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేశారు. వార్డులోకి ఆవిడ చక్రాల కుర్చీలో వస్తే, తమకంటే ఎక్కువ పోగొట్టుకున్న డాక్టరమ్మని చూసి రోగులకి ధైర్యం వచ్చేదట. అక్కడితో ఆగలేదు, ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్ళి తన శరీరానికి తానే శిక్షణ తీసుకుని, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి, తిరిగి వచ్చి ఈ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో రోగులు ఉండి శిక్షణ తీసుకునే ఈ కేంద్రం మొదలైంది, దేశంలో అలాంటి తొలి కేంద్రాల్లో ఇదొకటి. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో చనిపోయారు. జీవితాంతం ఆవిడ నడవలేదు.

ఆవిడ గురించి మా బావమరిదికి ఒక థెరపిస్టు చెప్పారు. అతను చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నన్ను అడిగాడు, "బావా, ఆవిడ కోసం కూడా అందరూ ప్రార్థన చేసే ఉంటారు కదా?" అని. చేసే ఉంటారు, ఎందుకు చెయ్యరు. "మరి దేవుడు వినలేదా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, ఎదురుగా జిమ్‌లో పాతికమంది చెమటలు కారుస్తూ కష్టపడుతున్నారు, వాళ్ళని చూస్తూ కూర్చున్నాం. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కానీ ఆవిడ లేచి నడిచి వెళ్ళిపోయి ఉంటే ఆ జిమ్ ఉండేదో లేదో నాకు తెలియదు. దేవుడు ఆవిడని ఆ పని కోసమే పడగొట్టాడని మాత్రం నేను అనను, ఎవరైనా అంటే ఒప్పుకోను. పడిపోయిన ఆవిడని వదిలిపెట్టలేదు అంటాను, అంతవరకే.

ఇక సీఎంసీని స్థాపించిన ఐడా స్కడర్ కథ చాలామందికి తెలుసు కాబట్టి పొడిగించను. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి కాన్పు కష్టమైన భార్యల కోసం అడిగితే, మగ డాక్టరు చూడటానికి ఆ ఇళ్ళవాళ్ళు ఒప్పుకోనందువల్ల ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు, ఆ రాత్రి చూసిన అమ్మాయి అమెరికా వెళ్ళి డాక్టరై 1900లో తిరిగొచ్చి వెల్లూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. ఆ సంస్థ ఆదర్శ వాక్యం ప్రభువు మాటే, "పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకును" అన్నది. మన గుంటూరులో 1883లో వచ్చి 1930లో అక్కడే కన్నుమూసిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారిది కూడా ఇలాంటి బతుకే, మన పిల్లలకి సండేస్కూల్లో ఆవిడ గురించి చెప్పాలి.

వెళ్ళేవాళ్ళ కోసం కొన్ని మాటలు. రైల్లో అయితే కాట్పాడిలో దిగాలి, ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళ్ళే రైళ్ళున్నాయి. చిత్తూరు నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి. భాష గురించి టెన్షన్ పడకండి, మెయిన్ ఆసుపత్రి చుట్టుపక్కల ఆటోవాళ్ళు, లాడ్జీలవాళ్ళు చాలామంది తెలుగు మాట్లాడతారు, తెలుగు భోజనం కూడా దొరుకుతుంది. లాడ్జి తీసుకునేముందు బాత్రూం తలుపు స్వయంగా వెళ్ళి చూడండి, మేము మొదట దిగిన ఒక లాడ్జిలో వీల్‌చైర్ తలుపులో పట్టలేదు. దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు కాబట్టి అపాయింట్‌మెంట్లకీ, రిహాబ్‌లో చేరడానికీ ఆగాల్సి రావచ్చు, ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని పాత రిపోర్టులు, స్కాన్లు అన్నీ తీసుకెళ్ళండి. డబ్బు విషయంలో సిగ్గుపడకుండా మొదట్లోనే సోషల్ వర్కర్‌ని కలిసి పరిస్థితి చెప్పండి. ఉండాల్సింది వారాలో నెలలో వాళ్ళే చెబుతారు, పనికి వెళ్ళే మనిషి కాకుండా ఇంట్లో ఉండగలిగే మనిషి తోడు వెళ్ళడం మంచిది.

మతం గురించి అడిగేవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రార్థనలు ఉంటాయి, కావాలన్నవాళ్ళ దగ్గరికి చాప్లిన్, అంటే ఆసుపత్రి పాస్టరు, వచ్చి కూర్చుంటారు. మా పక్క మంచం అబ్బాయి ముస్లిం, అవతలి మంచం పెద్దాయన నుదుట విభూతి పెట్టుకునేవారు, ఎవరినీ ఎవరూ ఇబ్బంది పెట్టడం నేను చూడలేదు. చాప్లిన్ గారు మా బావమరిది దగ్గరికి వచ్చినప్పుడు కూడా చాలాసార్లు ఊరికే కూర్చుని వెళ్ళిపోయారు. ఒకరోజు అతనే బైబిలు అడిగాడు. ఏ భాగం చదివాడో నేను అడగలేదు.

ఇప్పుడు ఊళ్ళో మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. మూడు చక్రాల స్కూటర్ మీద ఒక్కడే వెళ్ళొస్తాడు. జ్వరాలొస్తాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, కాళ్ళు వాటంతటవే బిగుసుకుని నిద్రలేని రాత్రులు ఇప్పటికీ ఉన్నాయి, అంతా బాగైపోయిందని చెప్పను. రిహాబ్‌వాళ్ళు పాత పేషెంట్లని మళ్ళీ పిలిపించి రిహాబ్ మేళా జరుపుతారు, చెకప్‌లు, ఆటలు, పాటలు, ఏడాదంతా ఎలా గడిచిందో ఒకరికొకరు చెప్పుకోవడాలు. దానికి మాత్రం అతను ఎన్ని పనులున్నా బయల్దేరతాడు. మా సంఘంలో పెద్దలతో మాట్లాడి గుడి మెట్ల పక్కన ర్యాంపు కట్టించాం, మొదట్లో ఒక్కడి కోసం ఎందుకన్నవాళ్ళున్నారు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మలందరూ దాని మీదుగానే వస్తున్నారు. మీ గుడికి లేకపోతే కట్టించండి, ఏటవాలు నిటారుగా పెట్టకండి, ఒక అడుగు ఎత్తుకి కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, లేకపోతే వీల్‌చైర్ వెనక్కి జారుతుంది.

చివరిగా ఒక సంగతి, బయల్దేరేముందు ఇంటి గుమ్మం వెడల్పు, బాత్రూం తలుపు వెడల్పు, మంచం ఎత్తు, వీధి నుంచి ఇంట్లోకి మెట్లు ఎన్ని, ఇవన్నీ కొలిచి కాగితం మీద రాసుకుని, ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్ళండి. థెరపిస్టులు వాటిని చూసే వీల్‌చైర్ కొలత చెబుతారు, ఇంట్లో ఏం మార్చాలో గీసి ఇస్తారు.